“తీపి వద్దు” అన్న గెస్ట్‌కు ఏ సీసా తీయాలి?

శ్రీరంగాపూర్, పెబ్బేరు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి పని వెతుక్కుంటూ హైదరాబాద్ పోవడం మనకు కొత్త కాదు. తాతల కాలంలో పాలమూరు కూలీలంటే డ్యాములకు, కాల్వలకు మట్టి ఎత్తినవాళ్లు. తర్వాతి తరం అపార్ట్‌మెంట్లు కట్టింది. ఇప్పుడు ఇంటరో డిగ్రీయో అయిన పిల్లల్లో కొందరు హోటళ్లలో, రెస్టారెంట్లలో స్టీవర్డులుగా చేరుతున్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

చేరిన కొత్తలో పని చకచకా వస్తుంది. టేబుల్ సర్దడం, ఆర్డర్ రాసుకోవడం, మూడు ప్లేట్లు ఒకే చేత్తో పట్టుకోవడం కొన్ని నెలల్లోనే అలవాటవుతాయి. చాలామంది ఆగిపోయేది ఆ తర్వాతే. పెద్ద హోటల్లో స్టీవర్డ్ నుంచి కెప్టెన్ మెట్టు ఎక్కాలంటే వైన్ లిస్ట్ పట్టుకుని గెస్ట్‌తో ధైర్యంగా మాట్లాడగలగాలి. అక్కడ మన పిల్లలు వెనక్కి తగ్గుతారు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్ల పని అది, పెద్దింటి నాలుక ఉన్నవాళ్లకే తెలుస్తుంది అనుకుంటారు. ఇది ఒట్టి భయం. రుచి చెప్పడం నేర్చుకుంటే వచ్చే పని. చిన్నప్పటి నుంచి చింతపులుపు, పచ్చిమామిడి, పల్లీ, ఎండుకారం తిని పెరిగిన నాలుకకు రుచులు విడదీయడం చేతకాదని ఎవరూ అనలేరు. కావలసింది ఒక వరస, కాస్త సాధన.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే స్పెయిన్ దేశపు డ్రై వైట్ వైన్ల దగ్గర అని చెబుతాను. వైట్ వైన్ అడిగే గెస్టుల్లో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: “తీపి మాత్రం వద్దు.” స్పెయిన్‌లో తయారయ్యే మామూలు వైట్ వైన్లలో ఎక్కువ భాగం డ్రైయే. గుర్తుపెట్టుకోవలసిన పేర్లు కూడా కొన్నే. ఫ్రాన్స్‌లోని పేరుమోసిన వైట్లతో పోలిస్తే సాధారణంగా ధర తక్కువ. అయినా మన దేశంలో విదేశీ వైన్ మీద 150 శాతం కస్టమ్స్ సుంకం చాలా ఏళ్లు నడిచింది. రాష్ట్ర పన్నులు, హోటల్ లాభం కలిసేసరికి సీసా ధర ఎక్కడికో పోతుంది. అంత డబ్బు పెట్టిన మనిషికి నచ్చని సీసా తెరిస్తే ఆ రాత్రి అతని భోజనం చెడుతుంది, మీ మాట మీద నమ్మకం పోతుంది.

డ్రై అంటే ఏమిటో ముందు నాలుకకు చెప్పండి

పొద్దున్నే దించిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులిసి ఆ తీపి తగ్గిపోతుంది. ద్రాక్షరసంలో జరిగేదీ అదే. ఈస్ట్ రసంలోని చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. చక్కెర దాదాపు అయిపోయేదాకా పులియనిస్తే అది డ్రై వైన్. మధ్యలో ఆపితే కొంత తీపి మిగులుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై. పులుపు బాగా ఉన్న వైన్‌కైతే 9 గ్రాముల వరకు ఒప్పుకుంటారు, ఎందుకంటే పులుపు తీపిని కప్పేస్తుంది.

ఈ అంకెలు బట్టీ పడితే లాభం లేదు, నోటికి తెలియాలి. దానికి వైన్ అక్కర్లేదు. నాలుగు లీటరు సీసాల్లో నీళ్లు పోసి ఒక్కోదాంట్లో నాలుగేసి నిమ్మకాయల రసం పిండండి. మొదటిదాంట్లో చక్కెర వేయకండి. రెండోదాంట్లో ఒక టీ స్పూన్ వేయండి, అది సుమారు 4 గ్రాములు. మూడోదాంట్లో మూడు స్పూన్లు. నాలుగోదాంట్లో పదకొండు స్పూన్లు. వరసగా రుచి చూడండి. మొదటి రెండింటికీ తేడా పట్టడం కష్టం. మూడోదాంట్లో తీపి ఉందా లేదా అని తడుముకుంటారు. నాలుగోది షర్బత్తే. లీటరుకు 45 గ్రాములంటే స్వీట్ వైన్ మొదలయ్యే గీత. మీరు కళ్లు మూసుకుని, స్నేహితుడు గ్లాసులు అందిస్తుంటే ఏది ఏదో చెప్పగలిగేదాకా చేయండి. వైన్ పాఠంలో మొదటి భాగం ఈ నిమ్మరసంతోనే అయిపోతుంది.

రెండో సాధన ముక్కుకు సంబంధించింది. కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది వాసనే. గ్లాసు దగ్గరికి తీసుకోగానే పండిన పీచ్, సీతాఫలం లాంటి వాసన వస్తే “ఇది స్వీట్” అనేస్తారు. పండు వాసన వేరు, చక్కెర వేరు. అనుమానం వస్తే ముక్కు రెండు వేళ్లతో మూసుకుని ఒక చిన్న గుక్క నోట్లో తిప్పండి. ముక్కు మూసినప్పుడు పండు మాయమవుతుంది. తీపి, పులుపు, చేదు మాత్రమే మిగులుతాయి. నాలుకకు తీపి తగలకపోతే అది డ్రై. తర్వాత వేళ్లు తీయండి, పీచ్ మళ్లీ వస్తుంది. ఈ పరీక్ష అర నిమిషం పట్టదు. వాసనకూ తీపికీ ఉన్న తేడా ఒక్కసారి నోట్లో తెలిశాక ఇక మరిచిపోరు.

పులుపును కొలవడానికి గుక్క ఉమ్మేశాక తల కాస్త కిందికి వంచి నోట్లో ఎంత లాలాజలం ఊరుతుందో గమనించండి. ఎక్కువసేపు ఊరుతూనే ఉంటే పులుపు ఎక్కువ. గొంతు దగ్గర వెచ్చగా మండితే ఆల్కహాల్ ఎక్కువ. రుచి చూసి ఉమ్మేయడం ఈ వృత్తిలో మర్యాదైన పద్ధతి. దానికోసమే పక్కన ఒక పాత్ర పెడతారు. మింగాల్సిన పని లేదు.

సీసా మీద ఏం చదవాలి

స్పానిష్ సీసా చేతికి రాగానే నాలుగు విషయాలు చూడండి.

మొదటిది తీపిని చెప్పే మాట. ‘సెకో’ అంటే డ్రై. ‘సెమీసెకో’ అంటే కొంచెం తీపి, ‘సెమీదుల్సే’ ఇంకొంచెం, ‘దుల్సే’ పూర్తి తీపి. మామూలు డ్రై వైట్ల మీద చాలాసార్లు ఏ మాటా ఉండదు, ‘బ్లాంకో’ అని మాత్రమే ఉంటుంది. అప్పుడు ద్రాక్ష రకం, ఊరి పేరు మనకు దారి చూపుతాయి.

రెండోది ప్రాంతం. ‘దెనొమినాసియోన్ దె ఒరిహెన్’ అని రాసి ఉంటే అది ఆ ప్రాంతం నిబంధనల ప్రకారం తయారైనదని అర్థం. గద్వాల చీరకు జీఐ గుర్తింపు ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

మూడోది సంవత్సరం. లేతగా తాగవలసిన వైట్లు మూడేళ్లు దాటితే తాజాదనం కోల్పోతాయి. మన ఎండల్లో గోదాముల్లో పడి ఉన్న సీసా ఇంకా త్వరగా వాడిపోతుంది. నాలుగోది ఆల్కహాల్ శాతం. మామూలు డ్రై వైట్ 11 నుంచి 13.5 మధ్య ఉంటుంది. 5, 6, 7 శాతం కనిపిస్తే చక్కెర పూర్తిగా పులియలేదని అనుమానించవచ్చు.

‘క్రియాన్సా’, ‘రెసెర్వా’ అన్న మాటలు పీపాలో, సీసాలో ఎంతకాలం నిలవుంచారో చెబుతాయి. తెల్ల క్రియాన్సా కనీసం 6 నెలలు ఓక్ పీపాలో ఉండాలి. ఇవి తీపిని చెప్పవు, చెక్క వాసన ఉంటుందని మాత్రం చెబుతాయి. ‘సొబ్రె లియాస్’ అని ఉంటే పులిసిన తర్వాత అడుగున దిగిన ఈస్ట్ మడ్డితో కలిపి ఉంచారని. దానివల్ల నోట్లో కాస్త నిండుగా, మెత్తగా అనిపిస్తుంది.

పలకడం గురించి భయపడకండి. స్పానిష్‌లో జె అక్షరం కనిపిస్తే ‘హ’ అనండి. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే ‘య’ అనండి. ఎన్ మీద చిన్న అల గీసి ఉంటే ‘న్య’. ఈ మూడూ చాలావరకు గట్టెక్కిస్తాయి.

ముందుగా ఐదు పేర్లు

అల్బరీన్యో. స్పెయిన్ వాయవ్య మూలన గలీసియా, అట్లాంటిక్ సముద్రం ఒడ్డు, రియాస్ బైషాస్ అనే ప్రాంతం. 1988లో దీనికి ప్రాంత గుర్తింపు వచ్చింది. అక్కడ వాన ఎక్కువ, తేమ ఎక్కువ. అందుకే తీగలను నల్లరాతి స్తంభాల మీద పందిరి వేసి ఎత్తుగా పాకిస్తారు. కింద గాలి ఆడుతుంది, గుత్తులు కుళ్లవు. మన దగ్గర పొట్ల, కాకర పందిళ్లు చూసినవాళ్లకు ఆ తోట ఫొటో చూడగానే అర్థమవుతుంది. ఈ వైన్‌లో నిమ్మ, పీచ్, కొస మెరుపుగా చిటికెడు ఉప్పు తగిలినట్టుంటుంది. పులుపు గట్టిగా ఉంటుంది. ఏటా ఆగస్టు మొదట్లో కంబాదోస్ ఊళ్లో దీని పేరు మీద జాతర జరుగుతుంది. అది 1953 నుంచి నడుస్తోంది.

వెర్దేహో. రుయేదా ప్రాంతం, దుయెరో నది దగ్గర సముద్రమట్టానికి 700, 800 మీటర్ల ఎత్తున ఉన్న గులకరాళ్ల నేల. 1980లో గుర్తింపు. పగలు మండే ఎండ, రాత్రి చలి. ఈ రకం గాలి తగిలితే తొందరగా రంగు మారుతుంది కాబట్టి చాలామంది రాత్రిపూటే కోస్తారు. వాసనలో కోసిన పచ్చగడ్డి, సోంపు, నిమ్మతొక్క. మింగాక చివర్లో సన్నని చేదు. ఆ చేదే దాని గుర్తు. సోవిన్యోన్ బ్లాంక్ ఇష్టమన్న గెస్ట్‌కు ఇది ధైర్యంగా చెప్పొచ్చు. ఆ ద్రాక్ష కూడా రుయేదాలో పండుతుంది.

గొదెయో. ఇదీ గలీసియాదే, కానీ లోపలి భాగం, వాల్దెఓర్రాస్ లోయ. ఒక దశలో ఈ రకం దాదాపు అంతరించిపోయింది. 1970లలో స్థానికులు పట్టుబట్టి మళ్లీ నాటి నిలబెట్టారు. పియర్, యాపిల్ రుచి, నోట్లో నిండుగా ఉంటుంది, పులుపు ముందుకు పొడుచుకురాదు. పులుపు అంటే జంకే గెస్ట్‌కు ఇది మంచి దారి.

వియూరా. రియోహా ప్రాంతంలో తెల్ల వైన్‌కు ముఖ్యమైన ద్రాక్ష. కతలోనియాలో దీన్నే మకబేవో అంటారు. ఇది రెండు వేషాల్లో వస్తుంది. లేతదైతే తేలికగా, పూల వాసనతో ఉంటుంది. పీపాలో ఉంచినదైతే వేయించిన గింజలు, వెనిల్లా, తేనె వాసన వస్తుంది, కానీ తీపి ఉండదు. హారో ఊళ్లో 1877లో మొదలైన లోపెస్ దె ఎరేదియా సంస్థ తెల్ల వైన్లను ఏళ్ల తరబడి నిలవుంచి విడుదల చేయడంలో పేరు పొందింది. గెస్ట్‌కు సీసా చూపే ముందు ఈ రెండు వేషాల్లో ఏదో మీకు తెలిసి ఉండాలి.

ఫీనో, మంసనీయా. ఇవి దక్షిణాన హెరెస్, సాన్‌లూకర్ పట్టణాలవి. పలొమీనో ద్రాక్షతో చేస్తారు. వైన్‌కు కాస్త స్పిరిట్ కలిపి ఆల్కహాల్‌ను సుమారు 15 శాతానికి పెంచి పీపాల్లో ఉంచితే పైన ఈస్ట్ పొర తెల్లగా కట్టుకుంటుంది. ఆ పొర వైన్‌కు గాలి తగలనివ్వదు, మిగిలిన తీపినీ తినేస్తుంది. స్పెయిన్ వైన్లలో ఇంతకంటే డ్రై దొరకడం కష్టం. బాదం, పచ్చి పిండి, ఉప్పు రుచి. కొత్తగా తాగేవాళ్లకు మొదటి గుక్కలో వింతగా ఉంటుంది, కాబట్టి ముందు చిన్న పెగ్గంత రుచి చూపించి ఆ తర్వాతే గ్లాసు పోయండి.

ఈ ఐదూ వచ్చాక చకోలీ, శారెల్లో, త్రెయిషదూరా, గర్నాచా బ్లాంకా నేర్చుకోండి. ఈ ఐదు రాకముందు వాటి జోలికి పోవద్దు.

మోసపోయే చోట్లు

అన్నిటికంటే పెద్ద గుంత కావా దగ్గర ఉంది. కావా అంటే స్పెయిన్ బుడగల వైన్. బుడగల వైన్‌కు తీపి కొలతలు వేరు. కావా సీసా మీద ‘సెకో’ అని ఉంటే లీటరుకు 17 నుంచి 32 గ్రాముల చక్కెర ఉండొచ్చు. అంటే నిమ్మరసం మూడో సీసా కంటే తియ్యన. తీపి వద్దన్న గెస్ట్‌కు ‘బ్రూట్ నేచర్’ ఇవ్వాలి, అందులో 3 గ్రాముల లోపే. తర్వాత ‘ఎక్స్‌ట్రా బ్రూట్’ 6 లోపు, ‘బ్రూట్’ 12 లోపు. ఇది నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

రెండోది ‘అఫ్రుతాదో’ అన్న మాట. పండు రుచి అని చెబుతుంది, కానీ ముఖ్యంగా కనారీ దీవుల సీసాల మీద ఇది ఉంటే లోపల కొంత తీపి ఉంటుంది. మూడోది మోస్కాటెల్ ద్రాక్ష. డ్రైగా చేసినవీ ఉన్నాయి, తియ్యనివే ఎక్కువ. నాలుగోది హెరెస్ నుంచే వచ్చే ‘క్రీమ్’, ‘పెద్రో హిమేనెస్’. సీసాలు ఫీనో సీసాల్లాగే కనిపిస్తాయి, లోపల మాత్రం పాకంలా తీపి.

ఇంకొకటి: బాగా చల్లబరచిన వైట్ సీసా అడుగున తెల్లని గింజలు కనిపిస్తే గెస్ట్ చక్కెర అనో, గాజు పెంకు అనో కంగారు పడతాడు. అవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం నుంచి ఏర్పడే స్ఫటికాలు. హాని లేదు. నెమ్మదిగా వివరించి అడుగు కదలకుండా గ్లాసులో పోయండి.

మన అంగట్లోనే వాసనల బడి

వైన్ పుస్తకాల్లో గూస్‌బెర్రీ, ఎల్డర్‌ఫ్లవర్ అని రాస్తారు. చూడని పండు వాసన గుర్తుపట్టమంటే ఎలా కుదురుతుంది? సాధనకు కావలసినవన్నీ వనపర్తి కూరగాయల అంగట్లో దొరుకుతాయి. నిమ్మతొక్క, బత్తాయి, జామ, గ్రీన్ యాపిల్, పచ్చిమామిడి, సోంపు, కొత్తిమీర కాడ, పచ్చి బాదం, వేయించిన పల్లీ, తడి మట్టి. చిన్న డబ్బాల్లో వేసి మూతలు పెట్టి కళ్లు మూసుకుని ఒక్కోటి పసిగట్టండి. డ్యూటీలో మిగిలిన అడుగు వైన్ వాసన చూసే వీలుంటే ఆ డబ్బాల్లో దేనికి దగ్గరో రాసుకోండి. “సోంపు, నిమ్మతొక్క, చివర చేదు: వెర్దేహో” అని మీ మాటల్లో రాసుకున్న ఒక్క వాక్యం పుస్తకంలోని పేరా కంటే పనికొస్తుంది.

హోటల్ స్పానిష్ సీసాలు తెరిచే అవకాశం తక్కువైతే నాసిక్ సోవిన్యోన్ బ్లాంక్‌తో పులుపు, గడ్డి వాసన నేర్చుకోవచ్చు. సులా సంస్థ 2000లో ఆ వైన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది, ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతుంది. వైన్ మనవాళ్ల పని కాదనుకోనక్కర్లేదు. అలంపురం దగ్గర మనం చూసే తుంగభద్రకు ఎగువన, కర్ణాటకలోని హంపి కొండల దగ్గర హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు ‘కృష్మ’ పేరుతో తోట పెట్టి వైన్ తయారు చేస్తున్నారు.

టేబుల్ దగ్గర మాట

గెస్ట్ “వైట్ వైన్, డ్రైగా ఉండాలి” అన్నాక వెంటనే పేరు చెప్పకండి. రెండు ప్రశ్నలు అడగండి.

“సార్, పులుపు బాగా తేలేది ఇష్టపడతారా, మెత్తగా నిండుగా ఉండేది కావాలా?”

“చెక్క పీపా వాసన ఉంటే బాగుంటుందా, తాజాగా ఉండేది ఇవ్వమంటారా?”

పులుపు, తాజాదనం అంటే అల్బరీన్యో, వెర్దేహో. మెత్తదనం అంటే గొదెయో. చెక్క వాసన అంటే పీపాలో ఉంచిన రియోహా. ఇంతే లెక్క. ఆ తర్వాత రెండు సీసాలు చూపండి, ఒకటి మధ్య ధర, ఇంకొకటి కొంచెం తక్కువ. ధర నోటితో చెప్పకుండా లిస్ట్ మీద వేలితో చూపండి. గెస్ట్ ఎవరినో భోజనానికి తీసుకొచ్చి ఉంటే ఆ మర్యాద ఎప్పటికీ గుర్తుంచుకుంటాడు. తెలియని సీసా గురించి అడిగితే “ఒక్క నిమిషం మేడమ్, కనుక్కుని చెబుతాను” అనండి. తోచింది అల్లి చెప్పే స్టీవర్డ్ కంటే కనుక్కుని చెప్పేవాడి మాటకే విలువ.

గెస్ట్ రుచి చూసి “ఇది తియ్యగా ఉందే” అంటే వాదించకండి. తీపి లేదని మీకు తెలిసినా ఆయన నోటికి పండు వాసన తీపిలా తగిలింది. “ఇందులో పండు వాసన ఎక్కువ సార్. అది తక్కువుండే ఫీనో ఒక చెంచాడు రుచి చూస్తారా?” అని ముందుకు నడపండి.

ఏ వంటకు ఏది

పుల్లని వంటకు అంతకంటే పుల్లని వైన్ కావాలి, లేకపోతే వైన్ చప్పబడుతుంది. చింతపండు చేపల పులుసు పక్కన గొదెయో నీరసంగా ఉంటుంది, అల్బరీన్యో నిలబడుతుంది. జూరాల దగ్గర వేయించే కృష్ణా చేపలాంటి వేపుడుకు నిమ్మ పిండినట్టే అల్బరీన్యో పనిచేస్తుంది. తందూరీ చికెన్, పనీర్ టిక్కాకు వెర్దేహో. బిర్యానీకి, హలీమ్‌కు పీపాలో ఉంచిన రియోహా వైట్. ఉప్పు వేసి వేయించిన వనపర్తి పల్లీలకు ఫీనో. హెరెస్ ఉన్న అందలూసియాలో దాన్ని వేయించిన బాదంతో తాగడం పాత అలవాటు, మన పల్లీకీ అంతే బాగా కుదురుతుంది.

కారం విషయంలో నిజం చెప్పండి. గట్టి కారం, ఎక్కువ ఆల్కహాల్ కలిస్తే నోరు ఇంకా మండుతుంది. అలాంటి వంట ఆర్డర్ చేసిన గెస్ట్‌కు ఆల్కహాల్ తక్కువున్న సీసా సూచించండి, కొంచెం తీపి ఉన్నది సుఖంగా ఉంటుందని కూడా చెప్పండి. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠాతో డ్రై వైన్ వద్దు. స్వీట్ పక్కన అది వట్టి పులుపుగా మిగులుతుంది.

పోసే పద్ధతి, పాడైన సీసా

తాజా వైట్లకు 8 నుంచి 10 డిగ్రీలు, పీపా వైట్లకు 10 నుంచి 12, ఫీనోకు 7 నుంచి 9. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అంతకంటే చల్లగా ఉంటుంది, వాసన మూసుకుపోతుంది. తీసి కొద్ది నిమిషాలు బయట పెట్టండి. వేడిగా ఉంటే బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు పోసి పెట్టండి. ఒట్టి ఐస్ కంటే ఐస్‌నీళ్లు త్వరగా చల్లబరుస్తాయి. 750 మి.లీ. సీసాకు 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు. తెరిచిన వైట్ మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు, ఫీనో వారం లోపు. తెరిచిన తేదీ సీసా మెడకు రాసి అంటించండి.

పాడైన సీసాను గెస్ట్ కంటే ముందు మీరే పట్టాలి. తడిసిన అట్టపెట్టె, బూజు వాసన వస్తే బిరడా దోషం. కార్క్ పైకి తన్నుకొచ్చి మూత దగ్గర జిగురుగా ఉంటే ఎక్కడో ఎండకు కాగింది. లేత వైట్ గోధుమ రంగుకు తిరిగి, దెబ్బతిన్న యాపిల్ వాసన వస్తే గాలి తగిలింది. ఇలాంటివి కనిపిస్తే సీసా పక్కనపెట్టి కెప్టెన్‌కు చెప్పండి. హోటల్ పరువు కాపాడేది ఇలాంటి పట్టింపే.

మెట్టు ఎలా ఎక్కాలి

హోటల్ పనిలోకి ఇంకా రానివాళ్లు హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్‌లో, గచ్చిబౌలిలోని నిథమ్‌లో కోర్సుల గురించి వాకబు చేయండి. కేంద్ర పర్యాటక శాఖ ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ పేరుతో 2009లో ఉచిత స్వల్పకాల శిక్షణలు మొదలుపెట్టింది. ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ అందులో ఒకటి. ఇప్పుడు బ్యాచ్‌లు ఉన్నాయా అని అడగండి.

ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు లండన్‌లో 1969లో మొదలైన డబ్ల్యూఎస్ఈటీ అనే వైన్ శిక్షణ సంస్థ పరీక్షలు ప్రపంచమంతా చెల్లుతాయి. మొదటి లెవెల్‌లో 30 ప్రశ్నలు, 45 నిమిషాలు. రెండో లెవెల్‌లో 50 ప్రశ్నలు, గంట. రెండూ ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునేవే. అల్బరీన్యో, ఫీనో రెండో లెవెల్‌లో ఉన్నాయి. ఫీజు తక్కువేమీ కాదు. సొంత డబ్బు పెట్టేముందు మీ మేనేజర్‌ను అడగండి. సర్వీస్ మీద శ్రద్ధ చూపే స్టాఫ్‌కు కొన్ని హోటళ్లు ఫీజు కడతాయి. మన దేశం నుంచి సోనల్ హాలండ్ 2016లో మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారు, భారత్‌లో ఆ బిరుదు మొదట అందుకున్నది ఆమే. హోటల్ పనిలో పైకి పోయే దారి ఎంత దూరం ఉందో తెలియడానికి ఆ పేరు చాలు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. “మందు పోసే పనా?” అని బాధపడే అమ్మానాన్నలను తప్పుపట్టలేం. మందు వల్ల చితికిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు చెప్పవలసిన జవాబు మాటల్లో కాదు, మీ నడవడిలో ఉండాలి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వకూడదు. అనుమానం వస్తే వయసు రుజువు అడగండి. ఎక్కువైన గెస్ట్‌కు ఇంకో గ్లాసు పోయకండి, క్యాబ్ పిలవండి. డ్యూటీలో రుచి చూస్తే ఉమ్మేయండి, అలవాటు చేసుకోకండి. మతం వల్లో ఇష్టం వల్లో అసలు నోట పెట్టనివాళ్లు కూడా లేబుల్, వాసన, గెస్ట్‌తో మాట, చల్లదనం, జత వంట తెలిస్తే టేబుల్ దగ్గర పనిలో చాలావరకు నెగ్గుకొస్తారు.

రేపు డ్యూటీకి పోగానే కెప్టెన్ దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడగండి: “అన్నా, లిస్ట్‌లో స్పెయిన్ వైట్లు ఎన్ని ఉన్నాయి? ఒక కాపీ ఇవ్వరాదా, వారంలో అన్నీ నేర్చుకుని నీకు చెప్తా.” ఆ కాపీలో ఒక్కో పేరు పక్కన ద్రాక్ష, ఊరు, పులుపు ఎక్కువా తక్కువా, చెక్క ఉందా లేదా, ఏ వంటకు సరిపోతుంది అని ఐదు ముక్కలు రాసుకోండి. వారం తర్వాత కెప్టెన్‌కు అప్పజెప్పండి. ఆ తర్వాత స్పెయిన్ వైట్ అడిగే టేబుల్ వస్తే ఆయన మిమ్మల్నే పిలుస్తాడు.